జ్వరం మా సందుదే

మా సందులో ఏ పిల్లకి జ్వరం వచ్చినా ముందు బ్యాగు సర్దించేవాళ్ళం. జ్వరం బిళ్ళ ఒకటి చేతిలో పెట్టి, నీళ్ళ సీసా ఇచ్చి, ఎల్బీనగర్ దాకా ఆటో మాట్లాడి, నల్గొండ బస్సో సూర్యాపేట బస్సో ఎక్కించి, "అమ్మ దగ్గర నాలుగు రోజులుండి రా తల్లీ" అని చెయ్యి ఊపేవాళ్ళం. దిల్‌సుఖ్‌నగర్ అంతటా ఇదే పద్ధతి అనను గానీ మా సందులో ఉన్న ఆడపిల్లల హాస్టళ్ళలో మాత్రం ఇదే. ఇందులో తప్పుందని ఎవరికీ తోచలేదు. జ్వరమొచ్చిన పిల్ల అమ్మ చేతి గంజి తాగాలి గానీ హాస్టల్ సాంబారు తాగుతుందా?

ఈ పద్ధతికి అడ్డం తిరిగిన మనిషి అండాలమ్మ. నేను ఆమె హాస్టల్‌లో వార్డెన్ని. పేరు కుసుమకుమారి, ఊరు తెనాలి, కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ కోపంతోనే ఇది రాస్తున్నాను. సందులో ఆమె గురించి చెప్పుకునే మాటలు వింటుంటే నాకు ఒళ్ళు మండుతోంది. "తిక్కది, ఎవరు చెప్పినా వినదు" అంటున్నారు. తిక్కదే. కాదని ఎవరన్నారు? ఆ తిక్క ఏమిటో చెప్తాను, విని అప్పుడు అనండి.

అండాలమ్మది నల్గొండ పక్కన పల్లె. మొగుడు రామస్వామి ఇక్కడ ఆటో నడిపేవాడు. ఆయన పోయాక ఈ హాస్టల్‌లోనే వంటకి చేరింది. అప్పుడు నడుపుతున్నావిడ ఒకరోజు చేతులెత్తేసి చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయింది. పిల్లలు కంచాలు పట్టుకుని నిలబడ్డారు. వాళ్ళకి ఆ పూట ఎవరు పెడతారని అండాలమ్మ ఎసరు పెట్టింది. మర్నాడూ పెట్టింది. అలా పెడుతూ పెడుతూ కిరాయి కూడా తనే కట్టడం మొదలుపెట్టింది. ఆమెని ఎవరూ పిలిచి ఓనర్ని చెయ్యలేదు, పొయ్యి ఆర్పకపోవడం వల్ల ఓనరైంది.

బ్యాంకు పరీక్షలకీ, గ్రూపులకీ, కానిస్టేబుల్ ఉద్యోగాలకీ కోచింగ్ తీసుకునే పిల్లలు మావాళ్ళు. ఎవరికి పచ్చిపులుసు ఇష్టమో, ఎవరు పరీక్ష ముందు అన్నం మానేస్తారో అన్నీ ఆమెకే తెలుసు. నా మీద మాత్రం ఏమీ దయ లేదు. "అక్కా, మీ తెనాలోళ్ళు పప్పుల నెయ్యేసుకుంటరా, నెయ్యిల పప్పేసుకుంటరా?" అని నా కంచంలోకి తొంగి చూసి అడిగేది. "నీ చారులో చెయ్యి పెడితే చింతపండు తగలదు గానీ నాకు చెప్పొచ్చావ్" అనేదాన్ని నేను. రోజూ ఇలా దెప్పుకోనిదే మా ఇద్దరికీ ముద్ద దిగేది కాదు.

బిల్డింగు సాంబమూర్తిగారిది. ఆయనా మా వైపు మనిషే, గుంటూరు. అదే సందు చివర రెండు హాస్టళ్ళు సొంతంగా నడుపుతాడు, హాస్టళ్ళ వాళ్ళందరికీ పెద్దమనిషి. మాట మహా మెత్తన. అండీ అనకుండా కుక్కని కూడా అదిలించడు.

పోయిన వానాకాలం మా సంతోషికి జ్వరం వచ్చింది. లేవలేకపోయింది కాబట్టి కొన్నాళ్ళు మా దగ్గరే పడుకుంది. జ్వరం తగ్గగానే, హమ్మయ్య ఇక ప్రయాణం చెయ్యగలదు అని మామూలు ప్రకారం బస్సెక్కించాం. నల్గొండలో దిగిన పిల్ల బస్టాండులోనే కూలబడిపోయింది. అక్కడి దవాఖానలో ఐసీయూలో పెట్టారు. డెంగీ అన్నారు. బతికింది, కానీ వాళ్ళ అమ్మానాన్నలు ఆ అద్దం తలుపు బయట ఎన్నాళ్ళు నిలబడ్డారో, ఏం మొక్కుకున్నారో వాళ్ళకే తెలియాలి.

పిల్ల ఇంటికి చేరాక తండ్రి ఫోన్ చేశాడు. స్పీకర్ ఆన్ చేసి ఉంది, నేనూ విన్నాను.

"అమ్మా, మీరు మా పిల్లను మంచిగ చూసుకుండ్రు. బస్సెక్కిచ్చిండ్రు, నీళ్ళ బాటిల్ గూడ ఇచ్చి పంపిండ్రు. మీకు దండం పెడుత."

ఆయనే మళ్ళీ అన్నాడు. "మా ఊర్లె దవాఖానోళ్ళు ఇంటింటికి తిరిగిండ్రమ్మా. డ్రమ్ములల్ల నీళ్ళన్ని పారబోపిచ్చిండ్రు, పొగ కొట్టిండ్రు. ఇగ దోమల బాధ లేదు."

ఫోన్ పెట్టేసి ఆమె ఒక్కసారిగా లేచింది. "అక్కా, గా పిల్ల ఉగాది సంది ఊరి మొఖమే చూడలె! దోమ మనింట్ల కుట్టె, పొగ ఆళ్ళ ఊర్లె కొట్టిరి! ఆధార్ కార్డుల ఊరి పేరుంటే జొరం ఊరిదైతదా?"

"అరవకు, పిల్లలు చదువుకుంటున్నారు" అన్నాను.

"చదువుకోనీ! ఆళ్ళ కాళ్ళనే గదా దోమలు కుడుతున్నయి!" అని ఇంకా గట్టిగా అరిచింది. ఆ తర్వాత కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "గాయన నన్ను తిట్టినా మంచిగుండు. దండం పెడుతుండు అక్కా. జొరం పిల్లను బస్సుల పడేస్తే దండం పెడుతుండు." కాసేపటికి ముక్కు చీది, "ఇగ ఒక్క పిల్లను గూడ బస్సెక్కియ్య. ఎవ్వలు చెప్పినా సరే" అంది.

ఆమె అన్న ఆ మాట చల్లారకముందే జ్వరం నాకే వచ్చింది. కళ్ళ వెనక పోట్లు, ఒళ్ళంతా రోట్లో వేసి దంచినట్టు నొప్పులు. "నన్ను కూడా తెనాలి బస్సెక్కించెయ్యవే తల్లీ, పీడ పోతుంది" అని మూలిగాను. "నిన్నెక్కిచ్చుకుంటడా కండక్టర్? నీ నోటికి చౌటుప్పల్లనే దించేస్తడు" అని చెయ్యి పట్టుకుని ల్యాబుకి లాక్కుపోయింది.

ల్యాబు కౌంటర్లో అమ్మాయి నా ఆధార్ చూసి తెనాలి అని టైపు కొట్టడం మొదలుపెట్టింది. ఖర్మ, ఇన్నేళ్ళుగా హైదరాబాద్‌లో ఉంటూ నేను దాన్ని మార్పించుకోనే లేదు. అండాలమ్మ కౌంటరు మీదికి వంగింది. "బిడ్డా, గామె తెనాలిల ఉంటే నీ ముంగట గీడ ఎట్ల కూసున్నది?"

"ఆధార్‌ల ఉన్నదే రాస్తం ఆంటీ."

"ఆధార్‌కు జొరమొచ్చిందా?" అని హాస్టల్ పేరు, సందు, ఇంటి నంబరు, తన ఫోన్ నంబరు చెప్పి, అవి కంప్యూటర్లో పడేదాకా అక్కణ్ణించి కదల్లేదు. వెనక లైనులో వాళ్ళు విసుక్కున్నారు. ఆమె చెవిన వేసుకోలేదు.

నాకూ డెంగీయే. డాక్టరు ఒక మాట నొక్కి చెప్పాడు. జ్వరం ఉన్నప్పటికంటే తగ్గిన తర్వాతి రెండు రోజులే గండం, కడుపునొప్పి, వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, కాళ్ళూ చేతులూ చల్లబడటం, వీటిలో ఏది కనిపించినా ఆగకుండా తీసుకురండి అన్నాడు. సంతోషిని మేం బస్సెక్కించింది సరిగ్గా అప్పుడే.

నేను మంచం దిగేలోపే మున్సిపాలిటీ వాళ్ళు మా గేటు దగ్గరికి వచ్చారు. ల్యాబు నుంచి వెళ్ళిన అడ్రసు సరిగ్గా ఉంటే వస్తారన్నమాట! వాళ్ళు రావడం చూసి సాంబమూర్తిగారు కూడా వచ్చాడు. వంటిల్లు, సంపు, బాత్రూములు అన్నీ చూశారు. ఎక్కడా చుక్క నిలవ నీళ్ళు లేవు. అండాలమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని, చూసుకోండ్రి అన్నట్టు నిలబడింది. అప్పుడు డాబా ఎక్కారు.

మా డాబా సంగతి చెప్పాలి. ఫలితాలు వచ్చినప్పుడల్లా కోచింగ్ సెంటర్లు ర్యాంకులు వచ్చిన పిల్లల ఫొటోలతో మనిషికి రెట్టింపు ఫ్లెక్సీలు కడతాయి. మోజు తీరాక దించేస్తాయి. వాటిని అడిగి తెచ్చుకుని, వానకి బట్టలు తడవకుండా దండేల పైన పందిరిలా కట్టుకోవడం మా సందులో అందరికీ అలవాటు. మొదటి ర్యాంకు కింద లంగాలు, రెండో ర్యాంకు కింద దుప్పట్లు ఆరేవి. వానకి ఆ ఫ్లెక్సీలు నడుములు దిగి సంచుల్లా వేలాడుతున్నాయి. సంచుల నిండా తేటగా వాననీళ్ళు. మున్సిపాలిటీ అమ్మాయి స్టూలెక్కి గరిటెతో తీసి చూపించింది. వాటిలో దోమ పిల్లలు మెలికలు తిరుగుతున్నాయి. పగలు కుట్టే డెంగీ దోమ ఇలాంటి మంచినీళ్ళలోనే గుడ్లు పెడుతుందట. మేమేమో పూలకుండీ కింద పళ్ళేలు కూడా కడుక్కుని, మురిక్కాలవకేసి చూసి ముక్కు మూసుకుంటూ ఇన్నాళ్ళూ బతికాం.

సాంబమూర్తిగారు నిట్టూర్చాడు. "చూశారా అండాలమ్మగారూ. మీరే పిలిచారు, మీరే దొరికారు. పోనివ్వండి, నేను మాట్లాడి పంపించేస్తాను. మీరు మాత్రం ఇక ఈ మాట బయట అనకండి. కొత్త బ్యాచీలు వచ్చే రోజులు."

అండాలమ్మ ఆ గరిటెకేసి చూసింది. సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి. అయినా తల దించలేదు. "నా డాబానే. నేను కట్టిన పందిరే. ఫొటో తీస్కో బిడ్డా, నా మొఖం గూడ పడేటట్టు తియ్యి. తీస్కున్నవా? ఇగ పాండ్రి, పక్క డాబాలు గూడ చూద్దాం."

డాబా మీంచి చూస్తే సందంతా ర్యాంకులే. ఏ మేడ మీద చూసినా కోటు, టై వేసుకుని నవ్వుతున్న పిల్లలే. అటూ ఇటూ ఇళ్ళవాళ్ళు గొణుక్కుంటూ తలుపులు తీశారు. సందు చివర సాంబమూర్తిగారి హాస్టళ్ళ డాబాలకి మాత్రం తాళాలు. తాళంచెవులు ఎవరి దగ్గరున్నాయో ఆయనకే గుర్తు రాలేదట, పాపం. కేసు రాని ఇంట్లో తాళం పగలగొట్టి ఎక్కలేం కదమ్మా అని వాళ్ళు వెళ్ళిపోయారు.

ఆ మధ్యాహ్నమే ఆమె ఫ్లెక్సీలన్నీ దించింది. ఒకదాన్ని తిరగేసి నేల మీద పరిచి, నా చేతికి రంగూ కుంచే ఇచ్చింది. "రాయి అక్కా. గీ హాస్టల్ల డెంగీ ఒచ్చిందని రాయి."

"జ్వరాలు అని రాయనా? కాస్త మెత్తగా ఉంటుంది."

"మెత్తగ రాసేదానికి సాంబమూర్తి సారున్నడు. నువ్వు డెంగీ అని రాయి."

రాశాను. 'ఈ హాస్టల్‌లో డెంగీ వచ్చింది. దోమలు మా డాబా మీద ఫ్లెక్సీల్లో పుట్టాయి. తీసేశాం. మీ డాబాలు చూసుకోండి. జ్వరం తగ్గిన పిల్లల్ని ఊళ్ళకి పంపకండి.' కింద ఆమె పేరు. దాన్ని గేటుకి కట్టించింది. అమ్మ బాబోయ్, సొంత గేటుకి ఇలాంటి బోర్డు కట్టుకుని హాస్టల్ నడిపిన మనిషిని నా జన్మలో చూడలేదు.

అనుకున్నంతా అయింది. ఎవరో ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టారు, తల్లిదండ్రులు బిలబిలమంటూ దిగారు. బక్కెట్లు, పరుపులు, ఇస్త్రీ పెట్టెలు మెట్లు దిగిపోయాయి. సగం మంచాలు ఖాళీ. మౌనిక కూడా వెళ్ళిపోయింది. అండాలమ్మ కంచంలోంచి ముద్దలు లాక్కుని తినే పిల్ల అది. వాళ్ళమ్మ తిరుపతమ్మ గుమ్మంలో నిలబడి, "ఏమనుకోకు అండాలక్కా, నాకున్నది ఒక్కతే బిడ్డ" అంది. ఎక్కడ చేర్పించిందో తెలుసా? సాంబమూర్తిగారి హాస్టల్‌లో! అక్కడ ఏ జ్వరమూ లేదని ఆయన హామీ ఇచ్చాడట. నిజం రాసిన ఇంట్లోంచి తీసి, తాళం వేసిన ఇంట్లో పెట్టింది. నేను నాలుగు దులుపుదామని లేచాను. అండాలమ్మ నన్ను వెనక్కి లాగి, పిల్ల బక్కెట్టు తనే మోసుకెళ్ళి ఆటోలో పెట్టి వచ్చింది. "తల్లి భయం తల్లిది. నువ్వు నోర్ముయ్" అంది.

తర్వాత సాంబమూర్తిగారు వచ్చి, కుర్చీలో కూర్చుని, టీ తాగి, ఎంతో మర్యాదగా చెప్పాడు. "బోర్డు తీసేస్తారా, నెలాఖరుకి బిల్డింగు ఖాళీ చేస్తారా? మీ ఇష్టమండీ. సందు మొత్తానికి చెడ్డపేరు వస్తోంది." వెళ్తూ వెళ్తూ నాకేసి తిరిగి, "మీరు మన వైపు మనిషి, మీరైనా నచ్చజెప్పండి" అన్నాడు. "మన వైపు దోమలు కుట్టవాండీ?" అన్నాను. ఆయన నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆయన వెళ్ళాక అండాలమ్మ పొయ్యి పక్కన కూలబడింది. "భయమైతుందక్కా. గీ పొయ్యి తప్ప నాకేం తెల్వదు. గిది పోతే మల్ల ఎవరింట్లనో అంట్లు తోముకోవాలె."

"పోనీ, బోర్డు తీసేద్దామా?"

"తియ్య" అంది కళ్ళు తుడుచుకుంటూ.

కొన్నాళ్ళు గడిచాయి. ఒక మధ్యాహ్నం మేం అన్నం వారుస్తుంటే మౌనిక ఫోన్ చేసింది. గొంతు పీలగా ఉంది. "ఆంటీ, మా అమ్మకు జర ఫోన్ చేస్తరా? నా ఫోన్ల చార్జింగ్ అయిపోతుంది. జొరం తగ్గిందని మా వార్డెన్ ఎల్బీనగర్ల నల్గొండ బస్సెక్కిచ్చి పోయింది, బస్సు ఇంక కదలలె. కడుపుల బాగ నొస్తుంది ఆంటీ. చలి పెడుతుంది."

"దిగు బిడ్డా! బస్సు దిగు!" అని అండాలమ్మ అరిచేసరికి ఫోన్ ఆగిపోయింది.

పొయ్యి మీద అన్నం అలాగే వదిలేసి పరిగెత్తింది. కాళ్ళలో ఇంకా సత్తువ లేకపోయినా నేనూ ఆమె వెనకే పడ్డాను. ఆటోవాణ్ణి ఆమె తొందరపెట్టిన తీరుకి అతను సిగ్నళ్ళ దగ్గర దేవుణ్ణి తలుచుకున్నాడు. ఎల్బీనగర్ రింగురోడ్డు దగ్గర నల్గొండ బస్సు నిండిపోయి కదలడానికి సిద్ధంగా ఉంది. అండాలమ్మ నేరుగా వెళ్ళి దాని ముందు నిలబడింది. డ్రైవరు హారన్ మోగించాడు, తిట్టాడు. ఆమె రెండు చేతులూ చాపి, "నడుపు, నా మీదికెల్లి నడుపు!" అంది.

నేను లోపలికి ఎక్కాను. మౌనిక కిటికీకి తల ఆనించి ఉంది. చెయ్యి పట్టుకుంటే మంచుగడ్డ. ముఖం నిండా చెమట. లేపితే కళ్ళు తెరిచి మళ్ళీ మూసుకుంది. "అండాలమ్మా!" అని కేక పెట్టాను. ఆమె ఎక్కి వచ్చి పిల్లని లేవనెత్తబోతే కండక్టర్ అడ్డం వచ్చాడు. "టికెట్ తీసుకున్న పిల్లను ఎట్ల దించుతవమ్మా? ఎవలు నువ్వు గామెకు?"

"అన్నం పెట్టినదాన్ని! జరుగు!"

జరిగాడు. ఇద్దరు ఆడవాళ్ళు కాళ్ళ వైపు పట్టుకున్నారు. అందరం కలిసి దింపాం.

దగ్గర్లో ఉన్న దవాఖానకి తీసుకెళ్ళాం. డాక్టరు బీపీ చూసి, మాతో ఒక్క మాటైనా మాట్లాడకుండా లోపలికి తోసుకుపోయాడు. చాలాసేపటికి నర్సు వచ్చి, సెలైన్లు ఎక్కుతున్నాయి, పిల్ల అమ్మని అడుగుతోంది అని చెప్పింది. అండాలమ్మ అక్కడే గోడకి జారబడి కూర్చుండిపోయింది. కబురు విని తిరుపతమ్మ ఊరి నుంచి బయల్దేరిందన్నారు.

తిరుపతమ్మ కంటే ముందు సాంబమూర్తిగారు వచ్చాడు. ఎప్పటిలాగే మెత్తగా మాట్లాడాడు గానీ చేతిలో జేబురుమాలు నలిగిపోతోంది. అండాలమ్మ పక్కన నేల మీదికి వంగి, "అండాలమ్మగారూ, ఒక్క మాట. ఇక్కడ అడ్రసు అడుగుతారు. మొన్నటిదాకా ఈ పిల్ల మీ దగ్గరే ఉంది కదా. మీ హాస్టల్ అడ్రసు చెప్పండి. మీ గేటుకి ఎలాగూ బోర్డు ఉంది, కొత్తగా మీకు పోయేదేముందండీ? ఖాళీ చెయ్యమన్న మాట నేను అనలేదనుకోండి. బిల్డింగు మీదే. ఆ బోర్డు కూడా ఉంచుకోండి" అన్నాడు.

ఒక్క అబద్ధం. అది చెప్తే పొయ్యి ఉంటుంది, మిగిలిన పిల్లలుంటారు, మేమిద్దరం రోజూ దెప్పుకుంటూ తినే అన్నం ఉంటుంది. ఆమె ముఖంలోకి చూశాను. ఏమీ తెలియలేదు.

ఆమె మోకాళ్ళ మీద చేతులాన్చి లేచింది. "మీ హాస్టల్ల ఇంకా పిల్లలున్నరు గద సార్. నా అడ్రస్ రాపిస్తే మల్లొచ్చి నా డాబానే కడుగుతరు. అది ఆల్రెడీ కడిగిందే. మీ డాబా మీది దోమలు ఇంకెవ్వల బిడ్డను కుట్టాలె?"

"ఆలోచించుకోండి. మీ బతుకుతెరువు పోతుంది."

"పోనీ" అంది. నడిచి వెళ్ళి కౌంటర్ ముందు నిలబడి, సాంబమూర్తిగారి హాస్టల్ పేరు, సందు, ఇంటి నంబరు, ఏ అంతస్తో, ఏ గదో, కారిడార్ అంతా వినబడేలా చెప్పింది.

ఆయన మాట మీద నిలబడ్డాడు. మా చేత ఖాళీ చేయించాడు. మన్సూరాబాద్‌లో చిన్న రేకుల ఇల్లు ఒకటి దొరికింది, కర్రీ పాయింట్ పెట్టుకుంటామని అద్దెకి తీసుకున్నాం. ట్రాలీ ఆటోలో గిన్నెలు ఎక్కిస్తున్న రోజు సందు చివర మున్సిపాలిటీ వాళ్ళు మళ్ళీ వచ్చారు, ఈసారి సాంబమూర్తిగారి గేటు ముందుకి. పొగ మిషన్ మోగుతోంది. అండాలమ్మ గంజి గిన్నె చంకన పెట్టుకుని సందు మధ్యకి వచ్చి, ఆ మోతని మించి అరిచింది.

"కింద పొగ కొట్టి పోకుండ్రి! తాళం తియ్యమనుండ్రి, మీదికెక్కుండ్రి, డాబా మీదికి!"